కారణం అంటే నేరం కాదు

మగవాడికి కాన్సర్ వస్తే ఊళ్ళో అడిగే ప్రశ్న ఒక్కటే: "సిగరెట్లు కాల్చేవాడా?" అవునంటే తల పంకిస్తారు, కాదంటే "పాపం" అంటారు. విచారణ అక్కడితో సరి. ఆడదానికి వస్తే విచారణ అప్పుడే మొదలవుతుంది. వంశవృక్షం బయటికి తీస్తారు. ఆమె ఎప్పుడు పెళ్ళి చేసుకుంది, ఎప్పుడు కన్నది, ఏం తిన్నది, ఎవరితో మాట్లాడింది, అన్నీ పరిశీలనకు వస్తాయి.

2014లో నా కుడి రొమ్ములో గడ్డ కాన్సరని తేలింది. అప్పుడు నన్నడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. పిల్లలకి పాలిచ్చావా? ఎన్నాళ్ళిచ్చావు? పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడావా? బిగుతు బ్రాలు వేసుకునేదానివా? వేళకి తినకుండా ఉద్యోగం ఉద్యోగం అని పరిగెత్తావు కదా? మనసులో ఏదో పెట్టుకుని కుమిలిపోయావేమో? చూడడానికి వచ్చిన వాళ్ళంతా నా మేలు కోరేవాళ్ళే. ఒక్కరు కూడా దుర్మార్గులు కారు. అందుకే ఈ ప్రశ్నల గురించి రాయడం అవసరమనిపించింది. దుర్మార్గులు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పకుండా ఊరుకోవచ్చు. మంచివాళ్ళు అడిగే ప్రశ్నలు మన లోపలికి దిగి కూర్చుంటాయి. రాత్రిపూట మనల్ని మనమే అడుక్కోవడం మొదలుపెడతాం.

నేను 26 ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పాను. కణ విభజన బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలను. ఆ చదువే నన్ను ఆ రాత్రుల్లో కాపాడింది. ఆ చదువు లేని స్త్రీల సంగతేమిటి? కాన్సర్ ఎలా పుడుతుందో తెలియని చోట ఖాళీ మిగలదు. ఆ ఖాళీలోకి కర్మ సిద్ధాంతం వస్తుంది, సిగ్గు వస్తుంది, భయం చూపి డబ్బు చేసుకునే వ్యాపారం వస్తుంది. ఈ మూడింటినీ మోసేది స్త్రీ శరీరమే. అందుకే ఈ జబ్బు గురించిన ప్రాథమిక జ్ఞానాన్ని డాక్టర్ల సొత్తుగా వదిలేయడానికి వీల్లేదని, అది మన ఉద్యమాల ఎజెండాలో ఉండి తీరాలని నా వాదన.

ముందు ఆ ప్రాథమిక జ్ఞానమేదో చూద్దాం. మన శరీరంలో 30 లక్షల కోట్లకు పైగా కణాలుంటాయి. పాతవి చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఒక కణం రెండుగా చీలేముందు తన డి.ఎన్.ఎ. మొత్తాన్ని నకలు రాసుకోవాలి. ఆ రాత దాదాపు 600 కోట్ల అక్షరాల పొడవు. ఎంత జాగ్రత్తగల రాయసగాడైనా అంత రాతలో తప్పులు చేయక మానడు. చాలా తప్పుల్ని కణమే దిద్దుకుంటుంది. దిద్దకుండా మిగిలిన వాటిలో చాలావాటివల్ల ఏ నష్టమూ ఉండదు. కణం ఎప్పుడు చీలాలో చెప్పే జన్యువులు కొన్ని, ఎప్పుడు ఆగాలో చెప్పేవి కొన్ని, తప్పుల్ని దిద్దేవి కొన్ని ఉన్నాయి. తప్పు ఆ జన్యువుల్లో పడితే చిక్కు మొదలవుతుంది. అదీ ఒక్క తప్పు చాలదు. ఒకే కణం సంతతిలో అలాంటి తప్పులు కొన్ని ఏళ్ళ తరబడి పోగుపడాలి. అందుకే కాన్సర్ ఎక్కువగా వయసు మళ్ళాక వస్తుంది. నిన్న తిన్న దానివల్ల, పోయినేడు పడ్డ దుఃఖంవల్ల వచ్చే జబ్బు కాదిది.

ఆ తప్పులు ఎక్కడినుంచి వస్తాయి? కొన్ని నకలు రాయడంలోనే దొర్లుతాయి, వాటికి ఎవరూ బాధ్యులు కారు. కొన్ని పొగాకు, సారా, ఎక్స్‌రేల వంటి కిరణాలు, ఆస్బెస్టాస్ ధూళి, కొన్ని రకాల వైరస్‌ల వల్ల వస్తాయి. కొన్ని తల్లినుంచో తండ్రినుంచో పుట్టుకతోనే వస్తాయి. హార్మోన్లు కొన్ని కణాల్ని ఎక్కువసార్లు చీలేలా చేస్తాయి, ఎక్కువ చీలికలంటే తప్పులకి ఎక్కువ అవకాశం. ఒక స్త్రీ శరీరంలోని ఒక గడ్డలో ఇవన్నీ ఏ పాళ్ళలో కలిశాయో చాలాసార్లు ఏ డాక్టరూ చెప్పలేడు. "పొగాకు కాన్సర్‌కి కారణం" అన్నది లక్షలమందిని లెక్కించి చెప్పిన మాట. "నీకిది ఇందువల్ల వచ్చింది" అన్నది ఒక్క మనిషి మీద ఇచ్చే తీర్పు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని చెప్పేయడమే మన చుట్టూ జరుగుతున్న మోసం.

ఈ తీర్పు ఎంత అర్థంలేనిదో చూడడానికి సన్యాసినుల కథ ఒక్కటి చాలు. ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడు 18వ శతాబ్దం ఆరంభంలోనే క్రైస్తవ సన్యాసినులకి రొమ్ము కాన్సర్ ఎక్కువగా వస్తున్నదని గమనించాడు. 1842లో రిగోనీ స్టెర్న్ అనే ఆయన వెరోనా పట్టణపు మరణాల లెక్కలు తిరగేసి, సన్యాసినుల్లో రొమ్ము కాన్సర్ ఎక్కువనీ, గర్భాశయ కాన్సర్ మాత్రం పెళ్ళయిన స్త్రీలలోనే ఎక్కువనీ చూపించాడు. అంటే మగవాడి ముఖం చూడకపోతే ఒకటి, చూస్తే ఇంకొకటి! ఈ జబ్బులో నీతి వెతికేవాళ్ళు ఏ స్త్రీని నిర్దోషిగా వదులుతారు? కాన్పులు లేకపోవడం వల్ల రొమ్ము కణాల మీద హార్మోన్ల ప్రభావం మారుతుంది. లైంగిక సంబంధం ద్వారా ఒక వైరస్ గర్భాశయ ముఖద్వారానికి చేరుతుంది. రెండూ శరీర ధర్మాలు. వీటిలో పుణ్యమూ లేదు, పాపమూ లేదు.

పాలిచ్చే సంగతికి వద్దాం. 30 దేశాల్లో జరిగిన 47 పరిశోధనల్ని కలిపి లెక్కకట్టి 2002లో ప్రచురించారు. స్త్రీ పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రొమ్ము కాన్సర్ వచ్చే అవకాశం 4.3 శాతం తగ్గుతుందని తేలింది. ఇది నిజం, తెలుసుకోవలసిందే. కానీ ఈ అంకెను ఇంకోసారి చదవండి. ఏడాదిపాటు పాలిచ్చినా ఉన్న ప్రమాదంలో నూటికి నాలుగు పాళ్ళే తగ్గుతుంది. నేను ఇద్దరు పిల్లలకీ పాలిచ్చాను, అయినా వచ్చింది. ఇవ్వని నా స్నేహితురాళ్ళు చాలామందికి రాలేదు. ప్రసూతి సెలవు లేని ఉద్యోగాల్లో, బిడ్డను పని దగ్గరికి తీసుకెళ్ళే వీలులేని కూలిపనుల్లో ఉన్న స్త్రీకి పాలివ్వడం కుదరకపోతే ఆ మాట యజమానిని అడగరు. గడ్డ వచ్చాక ఆమెనే అడుగుతారు.

"మీ పుట్టింటి వైపు ఉందా?" అన్న ప్రశ్న మరీ విచిత్రం. మా అత్తింటివారిలో ఒకావిడ "మా ఇంటా వంటా లేదమ్మా ఇది" అని నిట్టూర్చింది, నేను కట్నంతోపాటు తెచ్చిన సామానులాగా. మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త 1990లో రొమ్ము కాన్సర్‌కి సంబంధించిన ఒక జన్యువు మన క్రోమోజోముల్లో ఎక్కడుందో చూపించింది. అది బి.ఆర్.సి.ఎ.1. ఆ జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో స్త్రీలకి ప్రమాదం చాలా ఎక్కువ. అటువంటివారికి పరీక్షా సలహా అవసరమే. కానీ మొత్తం రొమ్ము కాన్సర్లలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. అదికూడా తల్లినుంచి వచ్చినట్టే తండ్రినుంచీ వస్తుంది. కొడుకులూ దాన్ని మోస్తారు, తమ పిల్లలకి ఇస్తారు. ఈ సంగతి ఏ పెళ్ళిచూపుల్లోనైనా అబ్బాయి తరఫువారిని అడగ్గా విన్నారా? "పిల్లకి పెళ్ళి కావాలి, బయటికి పొక్కనివ్వకు" అని నాకు చెప్పినవాళ్ళు అరడజను మంది. అలా దాచి దాచి, బయటి ఊళ్ళో రేడియేషన్‌కి వెళ్తూ యాత్రలకి పోతున్నామని చెప్పిన కుటుంబాలు నాకు తెలుసు.

కొన్ని కాన్సర్లకి అలవాట్లు కారణం కదా, అలవాట్లు మనుషుల చేతిలోవే కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. దానికి మన గడ్డ మీదనుంచే జవాబు చెబుతాను. శ్రీకాకుళం, విశాఖ తీరంలో స్త్రీలు చుట్టను అడ్డపొగ తాగుతారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించిన పరిశోధనలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. మిగతా ప్రపంచంలో అరుదైన అంగిటి కాన్సర్ ఇక్కడ కనబడింది. చదువుకున్నవాళ్ళు దీన్ని ఒక వింత ఆచారంగా ఫోటోలు తీసి చూపిస్తారు. ఎందుకలా తాగుతారని ఆ స్త్రీలను అడిగితే చెప్పే కారణాలు వేరు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. చంకలో పిల్ల మీద, చేతిలో పని మీద నుసి రాలదు. ఒక్క చుట్ట ఎక్కువసేపు వస్తుంది. అంటే రెండు చేతులూ ఖాళీలేని మనిషి, డబ్బు తక్కువైన మనిషి, పనిలోంచి లేవడానికి వీల్లేని మనిషి కనిపెట్టుకున్న పద్ధతి అది. అలవాటు వెనక ఆమె బతుకు ఉంది.

ఆ చుట్టలోని పొగాకు వెనక ఎవరున్నారు? 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధన సంస్థ పెట్టింది ప్రభుత్వమే. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు పెట్టిందీ ప్రభుత్వమే. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో పగలంతా బీడీలు చుట్టే స్త్రీలు పొగాకు ధూళి పీలుస్తూ కూర్చుంటారు. అది వాళ్ళ అలవాటా? కట్టెల పొయ్యి పొగను కూడా అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ బహుశా కాన్సర్ కారకమే అని వర్గీకరించింది. ఆ పొగ పీల్చడం ఏ స్త్రీ సరదా? చుట్ట మానమని చెప్పవద్దని నేననడం లేదు. మానితే ప్రమాదం తగ్గుతుంది, అది ప్రతి ఒక్కరికీ చెప్పాలి. కానీ చెప్పడం వేరు, జబ్బు వచ్చాక దండించడం వేరు.

ఇక గర్భాశయ ముఖద్వార కాన్సర్. ఇక్కడ అజ్ఞానం సూటిగా ప్రాణాలు తీస్తోంది. దాదాపు ఈ కాన్సర్లన్నిటికీ కారణం హెచ్.పి.వి. అనే వైరస్. హరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 84లలో ఈ కాన్సర్ కణాల్లో ఆ వైరస్ రకాల్ని గుర్తించాడు, 2008లో నోబెల్ అందుకున్నాడు. లైంగిక జీవితం ఉన్న స్త్రీ పురుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో తనంత తనే పోతుంది. కొద్దిమందిలో పోకుండా ఉండిపోయి, సాధారణంగా 15, 20 ఏళ్ళకి కాన్సర్‌గా మారుతుంది. జీవితమంతా ఒక్క భర్తతోనే ఉన్న స్త్రీకీ వస్తుంది. ఆ వైరస్ భర్తకి ఎప్పుడు, ఎక్కడ అంటిందో అతనికే తెలియదు. వైరస్‌ని బట్టి ఎవరి శీలాన్నీ కొలవలేం. అయినా "అక్కడ" జబ్బు అనగానే కొలత మొదలవుతుంది, ఆమెకి మాత్రమే.

మా మేనత్త ఈ జబ్బుతోనే పోయింది. ముట్లుడిగిన ఆరేళ్ళకి మళ్ళీ ఎరుపు కనబడితే ఎవరికీ చెప్పకుండా ఏడాదికి పైగా రాత్రిపూట గుడ్డలుతుక్కుంది. "ఎందుకు చెప్పలేదత్తా?" అంటే, "ఏమని చెప్పనే? ఈ వయసులో ఇదేం రోగం అనరూ?" అంది. ఆమె పోయాక కూడా ఇంట్లోవాళ్ళు కడుపులో గడ్డ అనే చెప్పారు. మన దేశంలో ఏటా 1 లక్షా 20 వేలమందికి పైగా స్త్రీలకి ఈ కాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేలమంది చనిపోతున్నారు. వాళ్ళలో ఎంతమంది అలా గుడ్డలుతుక్కున్నవాళ్ళో ఏ లెక్కా చెప్పదు.

ఇదంతా ముందే పట్టుకోగలిగిన జబ్బు కావడం మరీ దారుణం. పదిహేనేళ్ళ గడువిచ్చే శత్రువు ఇంకేముంటుంది? పాప్ స్మియర్ ఉంది, వైరస్ పరీక్ష ఉంది. ఏ ల్యాబూ అక్కర్లేని వెనిగర్ పరీక్ష ఉంది. ముఖద్వారానికి పలచని వెనిగర్ అద్దితే మార్పు వచ్చిన చోటు తెల్లబడుతుంది. ఆ దశలో గర్భసంచి తీయకుండానే ఆ కాస్త భాగానికి చికిత్స చేసి పంపేయవచ్చు. ముంబై మురికివాడల్లో 1998లో మొదలైన అధ్యయనంలో, డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేస్తే ఈ కాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పోల్చి చూడడానికి పరీక్ష చేయకుండా ఉంచిన స్త్రీలు కూడా వేలల్లో ఉన్నారన్నది ఆ కథలోని చేదు. అంత మూల్యం చెల్లించి తెచ్చుకున్న జ్ఞానాన్ని మనమేం చేశాం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం. రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఒక శాతం కూడా లేరు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3. ఆంధ్రప్రదేశ్‌లో 9, తెలంగాణలో 8. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పరీక్ష చేసే నాథుడు లేడు గాని తీసి పారేసేవాడు వీధికొకడున్నాడు! తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో వెళ్ళిన ముప్ఫయ్యేళ్ళ కూలి స్త్రీకి "గర్భసంచి పుచ్చిపోయింది, ఉంచితే కాన్సర్ అవుతుంది" అని చెబుతారు. తెల్లబట్టకి చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ కారణం, మందులతో పోతుంది. మా ఇంట్లో పనిచేసిన అమ్మాయికి 29 ఏళ్ళకి అలాగే పెద్దాపరేషన్ చేశారు. అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి ఒంట్లో ఆవిర్లు, ఎముకల నొప్పులు మొదలై ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు గాని ఆమెకి తెలియలేదు. అప్పుకి వడ్డీ ఇంకా కడుతూనే ఉంది. బయాప్సీ చేశారా అంటే, అదేమిటి అని అడిగింది. కాన్సర్ అంటే ఏమిటో ఆమెకు తెలియకపోవడం ఎవరికో ఆదాయం. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకి ఆదేశాలివ్వవలసి వచ్చింది.

చెప్పకుండా చేయడం ప్రైవేటు వ్యాపారానికే పరిమితం కాదు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. వాళ్ళలో చాలామంది హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక సంగతి బయటపడింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. ఆ పిల్లల తల్లులకి ఇది ఏ జబ్బుకి టీకా అని, ఆ జబ్బు ఎలా వస్తుందని, టీకా వేసుకున్నా పెద్దయ్యాక పరీక్షలు చేయించుకోవాలని చెప్పినవాళ్ళెవరు?

టీకా మంచిదే. స్వీడన్‌లో 17 ఏళ్ళలోపు వేయించుకున్న అమ్మాయిల్లో ఈ కాన్సర్ 88 శాతం తక్కువగా ఉందని 2020లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. 2023నుంచి మన దేశంలో తయారైన టీకా కూడా దొరుకుతోంది. అందుకే భద్రాచలంలో జరిగింది నాకు మరింత బాధగా ఉంటుంది. మంచి శాస్త్రాన్ని కూడా పేద ఆడపిల్లల మీదికి చెప్పకుండా విసిరితే, తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ అపనమ్మకానికి వెల చెల్లించేది మళ్ళీ ఆ పిల్లలే.

"ఇంత శాస్త్రం మామూలు ఆడవాళ్ళకి ఎక్కడ అర్థమవుతుందండీ" అని ఒక డాక్టరుగారు నాతో అన్నారు. వడ్డీలెక్క నోటితో కట్టే స్త్రీకి, డ్వాక్రా పుస్తకం రాసే స్త్రీకి, ఏ విత్తనం ఏ నేలకో చెప్పగల స్త్రీకి కణం రెండుగా చీలుతుందంటే అర్థం కాదా? మన పెద్దలు దీన్ని రాచపుండు అనేవాళ్ళు. ఆ పేరు చెప్పి భయపెట్టినంత శ్రద్ధగా, అది ఎలా పుడుతుందో ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పి చూశారా? చెప్పనివాళ్ళకి అర్థం కాదని అనే హక్కు లేదు.

కాబట్టి అడగవలసినవి అడుగుదాం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక తెర, ఒక బల్ల, శిక్షణ పొందిన ఒక స్త్రీ, వారానికి ఒక రోజు ఈ పరీక్షలకే కేటాయించమని అడుగుదాం. గర్భసంచి తీయాలన్నవాళ్ళని, కాన్సర్ అని ఏ పరీక్షలో తేలిందో కాగితం మీద, తెలుగులో రాసిమ్మని అడుగుదాం. బడిలో టీకా వేసేముందు ఆ పిల్లకీ, తల్లికీ వాళ్ళ భాషలో చెప్పారా అని అడుగుదాం. స్వయం సహాయక బృందాల సమావేశాల్లో అప్పు వాయిదాల తర్వాత ఒక్క అరగంట ఈ సంగతులు మాట్లాడుకుందాం. ముట్లుడిగాక రక్తం కనబడితే, కలయిక తర్వాత కనబడితే, రొమ్ములో గట్టి గడ్డ తగిలితే, నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే వెంటనే చూపించుకోవాలని ఒకరికొకరం చెప్పుకుందాం.

"ఎందుకొచ్చింది?" అన్నది మంచి ప్రశ్న. శాస్త్రం పుట్టిందే దానినుంచి. దాన్ని పొగాకు బోర్డునీ, ఆరోగ్య శాఖనీ, ఆపరేషన్ థియేటర్లనీ అడగాలి. మంచం మీద పడుకున్న మనిషి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం, ఈ పూట ఏం తినగలిగావని అడిగితే చాలు.